అరగంట కలిసొచ్చిన ఇంటర్‌కూలర్

మా ఆయన తన కారును స్పోర్ట్స్ కారు అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఎవరో వాడి వదిలించుకున్న పాత ఎర్ర డీజిల్ కారు అది. కాకపోతే టర్బో ఉంది, ఆక్సిలరేటర్ తొక్కితే సన్నగా ఈల వేసేది. ఆ ఈల కోసం వారమంతా చెవులు రిక్కించుకుని ఉండేదాన్నని మాత్రం ఆయనకు ఒక్కనాడూ చెప్పలేదు.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఆయనకు భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం, నాకు జనగామలో బడి. శనివారం మధ్యాహ్నం మూడింటికి షిఫ్టు దిగి బయలుదేరితే ఆరున్నరకు ఇల్లు చేరేవాడు. ఆదివారం సాయంత్రం మళ్లీ ప్రయాణం. మా కాపురం మొత్తం ఆ ఒక్క రోజే. రాష్ట్రం వస్తే బదిలీలు మన చేతిలో ఉంటాయని బడిలో అందరం అనుకునేవాళ్లం. నీళ్లు, కొలువులు అందరితో పాటు నాకూ కావాలి. వాటికంటే ముందు మొగుడున్న ఊరికి బదిలీ కావాలి. సిగ్గు విడిచి చెప్తున్నాను, నినాదం ఇచ్చిన ప్రతిసారీ నా మనసులో ఉన్నది అదే.

అంతదాకా ఆగే మనిషి కాదాయన. ఒక వారం వచ్చి, "బండికి పెద్ద ఇంటర్‌కూలర్ ఏపిస్తున్న" అన్నాడు.

"గదేంది? ఏసీ లెక్కనా?"

"మనకు గాదు, ఇంజనుకు. టర్బో గాలిని లోపలికి నూకుతది గదా, నూకేటప్పుడు గాలి వేడెక్కుతది. గది చల్లబడితే ఇంజనుకు దమ్మెక్కువైతది. కంపెనీ పెట్టింది చిన్నది. పెద్దది పెడితే అరగంటన్న కలిసొస్తది."

"అరగంటకు గింత లొల్లా?"

"నెలకు రెండు గంటలు. వద్దంటే చెప్పు మరి."

వద్దని ఎట్లా అంటాను?

మా అమ్మగారి ఊరు మరిపెడ. అటు పోయివచ్చేటప్పుడు తొర్రూరులో ఒక మెకానిక్ ఆయనకు దోస్తయ్యాడు. భాయ్ అని పిలిచేవాళ్లం. ఆ భాయే బంపరు వెనక, రేడియేటరు ముందు, కిటికీ తలుపంత అల్యూమినియం చట్రం ఒకటి బిగించాడు. ఆ పై శనివారం సరిగ్గా ఆరింటికి వీధి మొదట్లో ఈల వినిపించింది. ఆయన దిగుతూనే చేతి గడియారం నా మొహం ముందు పెట్టి, "చూసినవా?" అన్నాడు.

"చూసినగని, ముందు కాళ్లు కడుక్కో" అన్నాను. లోపల మాత్రం ఎంత సంబరమో!

ఆ వారం నుంచి వచ్చీ రాగానే అన్నం పెట్టమనేవాడు. అంతకుముందు టీ తాగి, కబుర్లు చెప్పి, ఎనిమిదింటికి తినేవాడు. "మీ భూపాలపల్లిల తిండి దొరుకతలేదా? కరువులకెల్లి వచ్చినట్టు తింటున్నవ్" అని వెక్కిరించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

మూడో శనివారం జనగామలో రాస్తారోకో. హైవే మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. టీచర్లమంతా పోయాం, నా చేతికి గరిటె వచ్చింది. వరంగల్ వైపు బండ్లు కనుచూపు మేరదాకా ఆగిపోయాయి. వాటిలో మా ఎర్ర కారు ఉంటుందని నాకు తెలుసు. వారమంతా ఎదురుచూసిన మనిషి దారికి నేనే అడ్డంగా కూర్చున్నాను. లేచిపోవడానికి మనసొప్పలేదు, కూర్చోవడానికీ మనసొప్పలేదు. కిచిడీ కలుపుతూ ఏడుపు దిగమింగుకున్నాను.

ఆరు దాటాక బండ్ల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా మొత్తం చెమట.

"బండేది?"

"ఎనుక పొగలు గక్కుతుంది. ఆగుకుంట ఆగుకుంట వచ్చేసరికి రేడియేటరు మసిలింది."

"చల్లగుంటదంటివి గదయ్యా!"

"ముందు ఇంత అన్నం పెట్టు, తర్వాత తిట్టు."

విస్తరాకులో కిచిడీ పెట్టాను. నిలబడే తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. తోటి టీచర్లు ముసిముసిగా నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్లయింది. "పొద్దుగాల్నుంచి ఏం తినలేదా ఏంది?" అని కసిరాను. ఆయన నాలుగోసారి ఆకు చాచాడు. తర్వాత పొయ్యిలు ఆరేదాకా ఇద్దరం రోడ్డు మీదే కూర్చున్నాం. అంత తీరికగా పక్కపక్కన కూర్చున్న సాయంత్రం మా కాపురంలో ఇంకొకటి లేదు.

కారు బాగైంది. మళ్లీ ప్రతి శనివారం ఆరింటికే ఈల. రాష్ట్రం వచ్చింది. ఆలస్యంగానైనా నా బదిలీ వచ్చింది, ఆయన గనికి దగ్గర్లోని చిట్యాల బడికి. భూపాలపల్లిలో ఒకే ఇంట్లో కొన్నేళ్లు ఉన్నాం. తర్వాత ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్లే గుండె ఆగి పోయాడు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

నిరుడు కారు అమ్మేద్దామని, ఆయన నేర్పిన డ్రైవింగుతోనే, తొర్రూరు తీసుకుపోయాను. "పెద్ద ఇంటర్‌కూలర్ ఉన్నదని కొనేటోళ్లకు చెప్పు భాయ్" అన్నాను.

భాయ్ నా మొహం చూశాడు. "గది ఎప్పుడో తీసేసిన టీచరమ్మా" అని షెడ్డు గోడకు చేయి చూపించాడు. దుమ్ము పట్టి, సాలెగూళ్లతో అక్కడ వేలాడుతోంది.

"ఎప్పుడు?"

"రోడ్డు మీద మసిలింది గదా, ఆ మల్ల వారమే. రేడియేటరుకు గాలి తాకనియ్యలే. రేసుల ఉరికే బండ్లకు, ఇంజను సెట్టింగు మార్చినోళ్లకు గది పనిజేస్తది. మన బండికి కంపెనీదే సాలని ముందే చెప్పిన, మీ ఆయన ఇనలే."

"మరి తీసినంక గూడ అరగంట ముందే వచ్చేటోడు గదా!"

భాయ్ చేతులు తుడుచుకున్నాడు. "గా అరగంట ఇంటర్‌కూలర్‌తోని కలిసిరాలే టీచరమ్మా. అది పెట్టినప్పుడు గూడ దాంతోని కాదు. షిఫ్టు దిగినంక క్యాంటీన్ల తినుడు బంద్ జేసిండు. బుక్క గూడ ముట్టకుంట బండెక్కేటోడు. మీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

పొద్దున ఏడింటికి షిఫ్టు ఎక్కేముందు తిన్నదే. మళ్లీ నా చేతి అన్నం దాకా ఏమీ లేదు. నేనేమో కరువన్నాను, అందరి ముందు కసిరాను.

కారు అమ్మలేదు. తిరిగి వస్తుంటే ఎక్కడో చదును రోడ్డు మీద టర్బో ఈల వేసింది. ఇక ఆపుకోలేకపోయాను. కారు పక్కకు ఆపి, ఖాళీ సీటు వైపు తిరిగి పైకే అన్నాను.

"ఇంత తినొస్తే ఏమైతుండెనయ్యా? అరగంట ఆలస్యమైతే నేనేడికి పోతుంటి?"