ముగ్గు లేని వాకిలి

మా దమ్మపేటలో ఇంటికి తాళం ఒక్కటే చాలదు. పొద్దున్నే వాకిట్లో ముగ్గు లేకపోతే ఇంట్లో మనుషులు లేరని దారిన పోయేవాడికి తెలిసిపోతుంది. అందుకే ఊరెళ్లేటప్పుడు ఆ పని పక్కింటివాళ్లకు అప్పజెబుతాం.

పర్ణశాలలో అక్క మనవరాలి పెళ్లికి వెళ్తూ నేనూ పక్కింటామెకు అప్పజెప్పాను. తిరిగొచ్చేసరికి తలుపు గొళ్లెం ఊడి వేలాడుతోంది. అమ్మ నాకిచ్చిన వెండి కడియాలు లేవు. వాకిలి ఎండిపోయి ఉంది.

"ముగ్గెందుకు పెట్టలేదు?" అని అడిగాను.

"మా ఇంటిపేరు పాలోళ్లల్ల ఒకాయన పోయిండు వదినా. మైల. మా వాకిట్లనే పెట్టలే, మీ వాకిట్ల ఎట్ల పెడ్త?"

"ఫోనన్నా చెయ్యొద్దా? మైల ఫోనుకు గూడ అంటుద్దా?"

ఆమె కొంగు దులుపుకుని లోపలికి పోయింది. కానీ పోలీసు వచ్చి అడిగినప్పుడు మాత్రం నోరు బాగానే లేచింది. "ఆ ఇంట్ల ఎత్కపోనీకి ఏమున్నది సారూ?" అంది. నలుగురూ నవ్వారు. కడియాలు పోయిన బాధ రానురాను కొంత తగ్గింది గానీ ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆనాటి నుంచి ఆమెతో మాటల్లేవు.

ఇనుప గ్రిల్ పెట్టించాను. గుమ్మం పైన కెమెరా పెట్టించాను. ఈమధ్య మా ఆయన ఆపరేషన్ కోసం ఖమ్మం వెళ్తూ, ముగ్గు అప్పజెప్పడానికి నేను ఆమె గడప తొక్కలేదు. దవాఖానాలో మంచం పక్కన కూర్చుని, ఇల్లు ఏమవుతుందోనని ఫోన్లో మా వాకిలినే చూస్తుండేదాన్ని.

ఒకరోజు పొద్దున చూస్తే ఆమె మా వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గు గిన్నెతో కూర్చుంది. సగం వేసి తలెత్తి కెమెరా వైపు చూసింది.

"చూస్తున్నవా వదినా? దొంగను గాదు, నేనే."

ఆ కెమెరాలో ఇటునుంచి కూడా మాట్లాడొచ్చు. మీట నొక్కాను.

"ఆ ఇంట్ల ఏమున్నదని కాపలా కాస్తున్నవ్?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. తర్వాత గిన్నె తీసుకుని లేచి వెళ్లిపోయింది.

అడిగినందుకు నాకు విచారం లేదు. అడగాల్సిందే. కానీ మర్నాడు వాకిట్లో కల్లాపి పడలేదు, కొత్త ముగ్గూ లేదు. మా ఆయనను ఇంకా ఇంటికి పంపలేదు. మంచం పక్కన కూర్చుని ఆ సగం ముగ్గునే చూస్తున్నాను. దారిన పోయే ప్రతివాడూ దాన్నే చూస్తున్నట్టుంది.