కాజాలమ్మ కృతజ్ఞతలు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని ఓటరు కార్డు తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అందరికీ ఆమె కాజాలమ్మే. మార్కెట్ వెనక సందులో బట్టలు కుట్టే కొట్టు ఆమెది. "నా బట్టలయ్యాయా?" అని ఎవరడిగినా, మిషను తొక్కుతూనే, తల ఎత్తకుండా, "అయిపోయినట్టేనమ్మా, కాజాలే మిగిలాయి" అనేది. అంటే గుడ్డ ఇంకా సంచిలోంచి బయటికే రాలేదని అర్థం. జనం తిట్టుకుంటూనే మళ్ళీ ఆమెకే ఇచ్చేవాళ్ళు. కుట్టడమంటూ కుడితే ఒంటికి అతికినట్టు కుట్టేది మరి.

అలాంటి మనిషి కౌన్సిలరు ఎలా అయిందంటే, నోటి చలవే. కొట్టులో పడిగాపులు పడే ఆడవాళ్ళే ఆమెను ఎగదోసి ఎన్నికల్లో నిలబెట్టారు. మార్కెట్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తెరిపిస్తానని ఒకే ఒక్క మాట ఇచ్చి గెలిచేసింది.

ఆ మాట లోకం కోసం ఇచ్చింది కాదు, అక్క కోసం ఇచ్చింది. అక్క ఆ మార్కెట్లోనే కూరగాయలు అమ్ముతుంది. పొద్దున బుట్టలు దించిందంటే, సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టదు. ఒంట్లో మంటలు, జ్వరాలు. నీళ్ళు తాగాలని డాక్టరు కేకలేస్తే, "తాగడానికేం డాక్టరుగారూ, తాగాక ఎక్కడికి పోను?" అంది. డాక్టరు దగ్గర దానికి మందు లేదు. మార్కెట్ మూల గోడలు కట్టి, తలుపులు పెట్టి, తాళం వేసిన మరుగుదొడ్డి ఉంది. తాళానికి తుప్పు పట్టింది గానీ లోపలికి నీళ్ళు రాలేదు.

కాజాలమ్మ మొదటి సమావేశంలోనే లేచి అడిగింది. మేయరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "పనంతా అయిపోయినట్టేనండీ, పైపు ఒక్కటే మిగిలింది" అన్నాడు.

కాజాలమ్మకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ మాటా, ఆ తల ఎత్తకపోవడమూ అచ్చం తనవే! తర్వాతి సమావేశంలోనూ పైపు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతా అంతే. మెల్లగా నవ్వు పోయి ఒళ్ళు మండటం మొదలైంది. తన కొట్టు ముందు నిలబడేవాళ్ళకు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చింది కదా అని మారిందనుకునేరు, అదేం లేదు.

ఇలా ఉండగా, ఒక పెద్ద పంతులమ్మ కొట్టుకు వచ్చింది. మనవరాలి గౌను గుడ్డ ఇచ్చి చాలా కాలమైంది. వచ్చినావిడ అయ్యిందా అని అడగలేదు, కసరలేదు. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు చూసి, "ఈ తల్లిని ఊరికే ఆడిపోసుకుంటారు గానీ, మా పాప గౌను ఎంత ముద్దుగా కుట్టిందనుకున్నారు! నీ చేతులు చల్లగుండాలమ్మా. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను" అని చక్కా పోయింది. అందరూ కాజాలమ్మను మెచ్చుకోలుగా చూశారు. అంతమంది ముందు కాదంటే పరువేం కాను? సాయంత్రానికల్లా గౌను తయారైంది, కాజాలతో సహా.

ఆ రోజే అక్క దగ్గరికి పరిగెత్తింది. "అక్కా, మన మరుగుదొడ్డికి మందు దొరికిందే!" అని, తను చేయబోయేది చెవిలో చెప్పింది.

"అంత అబద్ధం ఎలా ఆడతావే? మేయరు లేచి, అలాంటిదేం లేదంటే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"అబద్ధమేంటే? అయిపోయినట్టే, పైపు ఒక్కటే మిగిలింది" అంది కాజాలమ్మ.

తర్వాతి సమావేశంలో మేయరుకు చుక్కలు కనబడ్డాయి. వెలగని దీపాల గురించి ఒకరు, పొంగే మురుగు గురించి ఇంకొకరు, బస్సు కోసం ఎండలో నిలబడే ముసలివాళ్ళ గురించి మరొకరు ఉతికి ఆరేశారు. మేయరు మొహం మాడిపోయి ఉండగా కాజాలమ్మ లేచింది.

"నేను అడగడానికి లేవలేదండీ. మేయరుగారికి దండం పెట్టడానికి లేచాను. మార్కెట్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తెరిపించారు. ధారగా నీళ్ళు, లోపల దీపం, తలుపుకి గట్టి గడియ! మా అక్కచెల్లెళ్ళంతా మీ పేరు చెప్పుకుంటున్నారండీ."

ఇంజనీరు మొహంలో నెత్తురు చుక్క లేదు. మేయరు చెవిలో ఏదో చెప్పబోయాడు. పొద్దుట్నుంచీ తిట్లు తిన్న మనిషికి దొరికిన ఒకే ఒక్క మంచి మాట అది. దాన్ని వదులుకుంటాడా? ఇంజనీరును చేత్తో పక్కకు నెట్టి, "అది నా చిరకాల స్వప్నమమ్మా!" అన్నాడు.

అవతలి పార్టీ నాయకుడు ఊరుకోలేకపోయాడు. "పునాది వేసింది మేము! గోడలు లేపింది మేము!" అని బల్ల గుద్దాడు. తెరవని మరుగుదొడ్డి కోసం రెండు పార్టీలూ సిగపట్లకు దిగాయి. పత్రికలవాళ్ళు సోమవారం ఫోటోలకు వస్తామన్నారు. మేయరు తప్పకుండా రమ్మన్నాడు. కాజాలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూలబడింది.

ఇంత కాలం దొరకని పైపు ఆ సాయంత్రానికే లారీలో వచ్చింది. ఇంజనీరు దగ్గరుండి తవ్వించాడు, గోడలకు రంగు వేయించాడు. కాజాలమ్మ కనబడితే కొరకొరా చూశాడు. సోమవారం మేయరు ఓ చేత్తో, అవతలి నాయకుడు ఓ చేత్తో ఒకే కత్తెర పట్టుకుని రిబ్బను కత్తిరించారు. ఆ కత్తెర కాజాలమ్మ కొట్టులోదే.

జనం పల్చబడ్డాక ఆమె అక్క బుట్టల దగ్గరికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. అక్క బుట్ట చాటునుంచి నీళ్ళ సీసా తీసింది. మూత తిప్పి, కాసేపు దానివైపే చూసి, ఎత్తిన సీసా దించకుండా అడుగంటా తాగేసింది. మెడ మీదుగా నీళ్ళు కారిపోయినా తుడుచుకోలేదు. కాజాలమ్మకు కళ్ళు చెమర్చాయి. ఓట్లు లెక్కించిన రోజు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు.

అక్క ఖాళీ సీసా పక్కన పెట్టి, చెల్లెల్ని ఓసారి ఎగాదిగా చూసి, చుట్టుపక్కల అమ్ముకునేవాళ్ళందరికీ వినబడేలా గొంతెత్తింది.

"చూశారటర్రా, మా చెల్లెలు బంగారం! ఎన్నికలకి ముందు జాకెట్టు గుడ్డ ఇచ్చానా, అంత పనిలో ఉండి కూడా కుట్టి పెట్టేసింది. రేపు తొడుక్కొస్తా, మీరే చూద్దురుగాని!"

ఆడవాళ్ళంతా కాజాలమ్మ వైపు మెచ్చుకోలుగా తిరిగారు. ఆమె "అవునక్కా" అంది నీరసంగా.

రిబ్బను కత్తిరించిన కత్తెర పట్టుకుని కొట్టుకు పరుగెత్తింది. సంచి ఎక్కడ పెట్టిందో ముందు అది వెతకాలి.