చదవని పుస్తకాలకు నా సిఫార్సులు

2012లో నేను అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోతే సాయంత్రం దాకా అక్కడే. నా చేతిరాత బాగుంటుందని అక్కడి లైబ్రేరియన్ మేడం నాకో పని అప్పజెప్పింది. మెట్ల పక్క బోర్డు మీద ప్రతి సోమవారం చదవదగ్గ పుస్తకాల పేర్లు, ఒక్కోదాని కింద రెండు మాటలు రాయాలి. "అన్ని రకాలు ఉండాలె" అంది.

అన్ని రకాలూ రాశాను. చరిత్ర, నక్షత్రాలు, మిద్దెతోటలు, పిల్లల పెంపకం, నవలలు. కానీ వాటిలో నేను పూర్తిగా చదివినవి చాలా తక్కువ. అట్ట వెనక ఉన్నది చూసి, ముందుమాట తిరగేసి, మిగతాది ఊహించి రాసేదాన్ని. "అక్కా, ఎన్ని చదివినవే!" అని తోటివాళ్లు అంటే ఒక్కసారీ కాదనలేదు. రెండేళ్లుగా ఏ పరీక్షా గట్టెక్కని నాకు ఆ ఒక్క మాటే గొప్పగా ఉండేది.

దోమలగూడ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. బస్ కండక్టర్‌గా రిటైర్ అయ్యాడు. ఒకరోజు బోర్డు ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"బిడ్డా, మా ఇంట్లామెకు నారాయణగూడ దవాఖానల డయాలసిస్ నడుస్తున్నది. నాలుగేసి గంటలు మంచం మీద కదలకుండ ఉండాలె. కండ్లు కూడ సరిగ కనపడయి. నేనే చదివి వినిపిస్త. జర మనసుకు హాయిగుండేది చెప్పు."

బోర్డు మీది ఒక నవల చూపించాను. అట్ట మీద పెళ్లిబొమ్మ ఉంది, మొదటి రెండు పేజీల్లో నవ్వొచ్చింది. అంతే నాకు తెలిసింది. "ఇది తీసుకోండి అంకుల్, ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు" అన్నాను.

పది రోజుల తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. "బిడ్డా, సగం అయింది. మస్తు నచ్చింది ఆమెకు. పక్క మంచాలోళ్లు కూడ ఇంటున్నరు. కానీ ఇప్పుడు కథల ఆ పెండ్లిపిల్లకు పానం బాగలేకుండ అయింది. ఆఖరికి ఏమైతది? నువ్వు చదివినవు కద, ముందే చెప్తే నేను చూసుకుంట."

చదవలేదని చెప్పడానికి అదే సమయం. పక్కన ఇద్దరమ్మాయిలు వింటున్నారు. "ఏం కాదంకుల్, కోలుకుంటది" అన్నాను.

ఆయన పుస్తకం తిరిగిచ్చిన రోజు ఆయనతో కళ్లు కలపలేకపోయాను. అప్పటికే నేను లైబ్రరీలోని రెండో ప్రతి తీసి చివరి పేజీలు చూశాను. ఆ పిల్ల చనిపోతుంది. మొగుడు ఒంటరిగా మిగులుతాడు.

"నువ్వు చదవలే కద, బిడ్డా?" అన్నాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"లేదంకుల్."

"చదువుకుంట చదువుకుంట ఆ పిల్ల పానం పోయే కాడికొచ్చిన. బతికిందని నా మనసుకొచ్చింది కలిపి చెప్పిన. పక్క మంచాలోళ్లు నమ్మిన్రు. ఆమె నమ్మలే. 'నీ గొంతు ఇంటె తెల్వదా, ఉన్నది ఉన్నట్టు చదువు' అన్నది. మల్ల ఎనకకు తిప్పి చదివిన."

నేను పుస్తకం తీసుకుని అట్ట మీది పెళ్లిబొమ్మ కనపడకుండా బోర్లా పెట్టాను.

"ఇంకోటి ఇయ్యి. ఈసారి నువ్వు చదివినంకనే ఇయ్యమన్నదామె. ఒకపారి దవాఖానకు రా, నిన్ను చూడాలంటున్నది."

ఆ రోజే బోర్డు తుడిచేసి, చదివిన నాలుగింటి పేర్లే రాశాను. మేడం అడిగితే నిజం చెప్పాను. మూడు రోజులు సిలబస్ పక్కన పెట్టి ఒక యాత్రా పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి ఆయనకిచ్చాను. ఆసుపత్రికి మాత్రం పోలేదు. హాస్టల్ నుంచి నారాయణగూడ నడిచిపోయేంత దూరమే. పరీక్ష ఉందన్నాను. ఏ పరీక్షా లేదు.

కొన్నాళ్లకు ఆయన రావడం మానేశాడు.

2014 ఎండాకాలంలో నారాయణగూడ మార్కెట్లో కనిపించాడు. చేతిలో చిన్న సంచి, అందులో ఒక్క మనిషికి సరిపడా కూరగాయలు. నన్ను గుర్తుపట్టి, "నువ్విచ్చిన ఆ యాత్రల పుస్తకం రెండుసార్లు చదివించుకున్నది" అన్నాడు.

ఎప్పుడు పోయిందని అడగలేకపోయాను. ఎండ ఎక్కువగా ఉందంకుల్, ఆటో పిలవనా అన్నాను. వద్దని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.