తేజన్‌కు వరస కలిపిన రుక్మిణమ్మ

నగరిలో మా వీధిలో ఎవరైనా పోతే మొదటి కబురు రుక్మిణమ్మకు వెళుతుంది. పూల అంగడికి కూడా ఆ తర్వాతే. ఆమె వచ్చి గడపలో కూర్చుని, కొంగు సర్దుకుని, పోయినవాళ్లను వరస పెట్టి పిలిచి శోకం తీస్తే తప్ప ఆ ఇంట్లో చావు జరిగినట్టు ఎవరికీ నమ్మకం కలగదు. తమిళం కలిసిన మా వైపు దాన్ని ఒప్పారి అంటారు. ఆమె దీన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరికీ నేర్పలేదు. పిలవకపోయినా వస్తుంది. పిలవకపోతే మాత్రం ఏడాదిపాటు గుర్తు పెట్టుకుంటుంది.

మిగతా వేళల్లో ఇంటి పంచలో కూర్చుని మరమగ్గాలకు కండెలు చుడుతుంది. అరవై దాటింది. మనిషి సన్నం, గొంతు లావు. పోయినవాళ్ల మంచితనాన్ని ఆమె ఎంత పొడుగ్గా చెబుతుందంటే, బతికుండగా వాళ్లతో మాటలు లేనివాళ్లు కూడా తలొంచుకుని వింటారు. ఎంగిలి చేత్తో కాకిని తోలని చెంగల్రాయుడు పోయినప్పుడు "చెయ్యెత్తి పెట్టిన దొరవే" అని ఆమె ఏడిస్తే, ఆయన భార్య కళ్లు తుడుచుకోవడం మానేసి, ఎవరి గురించా అని ఇటు తిరిగి చూసింది.

అలాంటి రుక్మిణమ్మకు తేజన్ చావు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

తేజన్ పాప్ పాటలవాడు. ముప్పై ఒక్క ఏళ్లు. చెన్నైలో నిద్రలోనే గుండె ఆగిపోయిందని సోమవారం పొద్దున టీవీలో చెప్పారు. మధ్యాహ్నానికి మా ఊరు డాక్టర్లతో నిండిపోయింది. టీ అంగడి దగ్గర ఒకాయన జిమ్ము వల్లే అన్నాడు, ఇంకొకాయన ఫ్రిజ్జు నీళ్ల మీద పెట్టాడు. మగ్గాల యజమాని గంగాధరం మాత్రం రాత్రంతా మేలుకుంటే ఎవడి గుండె అయినా ఆగుతుందని తేల్చేశాడు. ఆయన మగ్గాల దగ్గర పనివాళ్లు రాత్రంతా మేలుకునే ఉంటారన్న సంగతి అప్పటికి ఆయనకు తట్టలేదు. అభిమాన సంఘం అధ్యక్షుడు హేమచంద్ర పుత్తూరుకు పోయి ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. అందులో తేజన్ ఒక మూల చిన్న బిళ్లంత ఉన్నాడు. మిగతా చోటంతా నివాళి అర్పిస్తున్నవాళ్లే, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. సాయంత్రం బైకుల ఊరేగింపు జరిగింది. మౌనం పాటిస్తున్నామని మైకులో ఊరంతా చెప్పుకుంటూ తిరిగారు.

నాకైతే నవ్వొచ్చింది. రుక్మిణమ్మ ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వే స్థితిలో లేరు.

ఆమె కొడుకు కూతురు నవీన తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తేజన్ పోయాడని తెలిసిన రోజే బస్సెక్కి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు, తినలేదు. తల్లి బతిమాలింది, తండ్రి కసిరాడు. రెండు గుక్కలు మజ్జిగ తప్ప ఏదీ గొంతు దిగలేదు. మూడో రోజుకు పిల్ల లేచి నడవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

రుక్మిణమ్మకు మొదట కోపం వచ్చింది. సొంత చిన్నతాత పోతే పరీక్షలున్నాయని రాని పిల్ల, ముక్కూమొహం తెలియనివాడి కోసం అన్నం మానేస్తుందా అని మా అంగడికొచ్చి నాతో చెప్పుకుంది. చెబుతూ చెబుతూనే ఆమె కోపం భయంలోకి దిగింది. ఏడ్చేవాళ్ల గురించి ఆమెకెప్పుడూ దిగులు లేదు. ఏడవకుండా పడుకునేవాళ్లంటేనే హడలు.

"ఆ పిల్లని ఎట్టన్నా ఏడిపించాలప్పా," అంది. "ఏడిస్తే ఆకలేస్తుంది. ఎన్ని సావిండ్లు సూసినా నేను."

సరిగ్గా అప్పుడే హేమచంద్ర ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. మార్కెట్టు దగ్గర సంతాపసభ పెడుతున్నామనీ, అవ్వ వచ్చి ఒప్పారి పాడితే సభకు నిండుదనం వస్తుందనీ అన్నాడు. శుక్రవారం అనుకున్నారట. శుక్రవారం పూట తాను ఏడవనని రుక్మిణమ్మ ఖరాఖండిగా చెప్పడంతో గురువారానికి మార్చారు. నవీనను ముందు వరసలో కూర్చోబెట్టుకోవాలని కూడా ఆమె షరతు పెట్టింది.

గురువారం సాయంత్రం జనం బాగానే వచ్చారు. నవీనను తల్లీ తండ్రీ చెరో పక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. కొవ్వొత్తులు వెలిగించాక రుక్మిణమ్మ మైకు ముందు చాప మీద కూర్చుని నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. ఒప్పారికి మొదటి మాటే వరస. అత్తా అనో మామా అనో పిలవందే ఆమె గొంతు లేవదు. మరి తేజన్ ఆమెకు ఏమవుతాడు?

అన్నా అని మొదలుపెట్టమని హేమచంద్ర చెవిలో చెప్పాడు. తన కొడుకుకన్నా చిన్నవాణ్ణి అన్నా అని ఎట్లా అంటానని ఆమె మైకులోనే అడిగింది. కొడుకా అనమని వెనకనుంచి ఎవరో అరిచారు. దానికి ఆమె ససేమిరా అంది. కడుపున పుట్టినవాడు కళ్లెదురుగా కూర్చుని ఉంటే చచ్చినవాణ్ణి కొడుకా అని పిలవకూడదట. మనవడా అన్నా అంతే. అల్లుడా అనొచ్చు కదా అని గంగాధరం సలహా ఇచ్చాడు. చిత్తూరు నుంచి వచ్చి మూడో వరసలో కూర్చున్న ఆమె అల్లుడు గబగబా తల అడ్డంగా ఊపాడు. మరిది అని కొందరు, మేనల్లుడు అని కొందరు తగులుకున్నారు. సంతాపసభ కాస్తా పెళ్లిసంబంధాల పంచాయితీ అయిపోయింది.

రుక్మిణమ్మ విసుగొచ్చి అందరినీ ఊరుకోమంది. ముందు వరసలో తలొంచుకుని కూర్చున్న నవీన వైపు తిరిగింది.

"నీకేమవుతాడు పాపా ఆ పిల్లోడు? నువ్వు చెప్పు. నీ పక్కనించి నేను కలుపుకుంటా."

నవీన తలెత్తకుండానే చాలా సన్నగా అంది. "హాస్టల్లో కొత్తల్లో నాకు నిద్ర వచ్చేది కాదవ్వా. ఎవరితో మాట్లాడాలన్నా భయం. చదువు మానేసి వచ్చేద్దామనుకున్నా. రోజూ రాత్రి ఈయన పాటలు చెవుల్లో పెట్టుకుంటే నిద్రొచ్చేది. అట్టా ఉండిపోయినా."

"ఆ మాట నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు చాప చుట్టుకుని హాస్టలుకు వచ్చేస్తావు."

రుక్మిణమ్మ కాదనలేదు. మా వైపు ఆడపిల్ల కొత్తచోటికి పోతే అవ్వ వెంట వెళ్లడం, అలవాటు పడేదాకా పక్కన పడుకోవడం ఉన్నదే. హాస్టళ్లలో అవ్వల్ని ఉండనివ్వరు. ఆమె చేయాల్సిన పని ఎక్కడో చెన్నైలో ఉన్న తేజన్ చేశాడు. నవీనకు అమ్మమ్మ లేదు. కార్వేటినగరంలో ఆమె నవీన పుట్టకముందే పోయింది. ఆ చోటు ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది. పిల్లకు ఇద్దరు అవ్వలుంటే, ఆ వియ్యపురాళ్లిద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

రుక్మిణమ్మ కొంగు సర్దుకుని గొంతెత్తింది.

"ఓ వొదినా, నా తేజను వొదినా,
మా పాప కొత్తూరికి పోతే నేను పోలేకపోతినే,
నా బదులు నువ్వు పోతివే వొదినా,
తలాపున కూసోని జోల పాడితివే,
నీ నిద్ర మా పాపకిచ్చి నువ్వు మేలుకుంటివే,
నీకు ఒక పూట అన్నం పెట్టకపోతినే వొదినా..."

ఫ్లెక్సీలో తేజన్ వెండిరంగు జుట్టుతో, చెవికి పోగుతో ఉన్నాడు. కుర్రవాళ్లు నోళ్లు తెరిచి ఒకసారి ఆమెనూ ఒకసారి అతణ్ణీ చూశారు. ముందుగా నవ్వింది నవీనే. అరచేత్తో నోరు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఆ మొహం మారిపోయింది. అవ్వ ఒళ్లో పడి ఇన్నాళ్లదీ ఒక్కసారిగా ఏడ్చింది. హేమచంద్ర కళ్లద్దాలు తీసేశాడు. గంగాధరం అటు తిరిగి ముక్కు చీదాడు. నేను తేజన్ పాట ఒక్కటీ వినలేదు, అయినా ఏడ్చాను. నా పని నువ్వు చేశావని ఒక ముసలామె అంత మనస్ఫూర్తిగా చెబుతుంటే ఎవరు ఆపుకోగలరు?

మామూలుగా రుక్మిణమ్మ మొదలుపెడితే ఒక పట్టాన ఆపదు. సభ మొత్తం మంచి ఏడుపు మీద ఉంది. ఒళ్లో ఉన్న నవీన తల ఎత్తి ఆమె చెవిలో ఏదో అంది. ఆమె పాటను సగంలో తెంపేసి, మైకు దగ్గరకు లాక్కుంది.

"ఇంక మీరు ఏడ్సుకోండప్పా," అంది. "మా పాపకు ఆకలేస్తా ఉండాదంట."