మా రేడియో అత్త మూడున్నర నిమిషాలు

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా నాన్న అభిప్రాయం. ఆయన లెక్కలో ఆ మాట అనాలంటే కనీసం ఒక పన్నైనా ఊడి ఉండాలి. నాకు పళ్ళన్నీ ఉన్నాయి, ఊడినవి బీటెక్‌లో ఆరు సబ్జెక్టులే. అయినా ఐదారేళ్ళ కిందటి సంగతిని ‘ఆ రోజుల్లో’ అని చెప్పుకోవడంలో ఒక సుఖం ఉంది. అప్పుడా వెధవ పని చేసినవాడు నేను కాదనీ, నా పోలికలున్న ఇంకెవడో కుర్రాడనీ కాసేపు నమ్మొచ్చు.

బీటెక్ పూర్తికాకుండానే ఇంజినీరు కావడానికి ఆ రోజుల్లో గుడివాడలో ఒక దారి ఉండేది. ఎరువుల కొట్టు మేడమీద ఒక రికార్డింగ్ స్టూడియో. గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉండేవి (అన్ని గుడ్లూ ఎవరు తిన్నారని అడిగితే మా ఓనరు పొట్ట నిమురుకుని ఊరుకునేవాడు). కిందనుంచి పురుగుమందు వాసన మెట్లెక్కి వచ్చేది. సాయంత్రమయ్యేసరికి పాడేవాళ్ళకీ వినేవాళ్ళకీ సమానంగా తల తిరిగేది. ఓనరుని ఊరంతా సౌండు బావ అనేవాళ్ళు, ఆయన ఎవరికీ బావ కాకపోయినా. క్రిస్మస్ ముందు భక్తి గీతాలు, వేసవిలో పెళ్ళి పాటలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీలకీ ఒకే ట్యూను. ఇదీ ఆయన సంగీత సేవ. నా హోదా సౌండ్ ఇంజినీరు. చేసే పని పాటల్లోంచి దగ్గులు తీసెయ్యడం. ఆయనకి జీవితంలో ఒకే ఒక సిద్ధాంతం ఉండేది. “పాట మూడున్నర నిమిషాలు దాటిందా, వినేవాడు వేలితో పైకి తోసేస్తాడురా. దేవుడి పాటైనా అంతే, దెయ్యం పాటైనా అంతే.”

ఇక మా అత్త. నాన్నకి స్వయానా చెల్లెలు. బంటుమిల్లి దగ్గర ఊళ్ళో తొమ్మిది మంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకి పెద్ద. ఊళ్ళో ఆవిణ్ణి పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, రేడియో అనేవాళ్ళు. ఆవిడ ఈ చేలో పాట ఎత్తుకుంటే కాలవ అవతల ముఠా కూడా అదే వరసలో నాటేసేదని చెప్పుకుంటారు. చర్చిలో మాత్రం పాస్టరుగారు ఆవిణ్ణి బతిమాలి చివరి వరసలో కూర్చోబెట్టేవారు. ముందు కూర్చుంటే క్వాయర్ నోళ్ళు కదపడం తప్ప చెయ్యగలిగిందేమీ ఉండేది కాదు. ఆవిడ పాటలు ఎవరి దగ్గరా నేర్చుకున్నవి కావు. నడుం వంచితే వచ్చేవి, ఎత్తితే ఆగిపోయేవి.

ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉండేది. నాటేవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తారు కదా, చివరి వరస వచ్చేసరికి గట్టు వీపుకి తగులుతుంది. అప్పుడు అత్త ఆఖరి చరణం ఎత్తుకునేది. ‘నీ కుదురు నిలిచింది, గట్టెక్కి రావే’ అని పాడి, ఒక్కొక్కరి పేరూ పిలిచేది. పేరు విన్నవాళ్ళు చేతిలో మిగిలిన నాలుగు మొక్కలూ గుచ్చి గట్టెక్కాలి. పిలవకుండా ఎక్కకూడదు. ఎనిమిది మందీ ఎక్కాక, ఒక్కతే బురదలో మిగిలిన అత్తని ఆ ఎనిమిది మందీ కలిసి పేరుపెట్టి పిలిచేవాళ్ళు. తన పేరు తను పిలుచుకోకూడదు మరి. అప్పటికి గానీ పాట అయిపోయినట్టు కాదు. నాట్లయిపోయినట్టు రైతు చూసుకోనక్కర్లేదు, విని చెప్పొచ్చు.

ఒకసారి సెలవుకి వెళ్ళినప్పుడు గట్టుమీద నిలబడి సెల్లులో అరనిమిషం తీసి నెట్‌లో పెట్టాను. జనం బాగా చూశారు. సౌండు బావ కూడా చూసి, గుడ్ల అట్టలకేసి తిరిగి కళ్ళు తుడుచుకుని, “ఈవిణ్ణి పట్రా” అన్నాడు. నేను వెళ్ళి చెప్తే అత్త నారుకట్ట విప్పుతూ ఒకే మాట అడిగింది.

“పేర్లుంటాయా?”

“ఉంటాయి అత్తా.”

“అందరివీ?”

“అందరివీ.”

“మీ నాయనమ్మ మీద ఒట్టెయ్యి.”

నాయనమ్మ అప్పటికే పోయింది కాబట్టి ప్రమాదం లేదనుకుని వేశాను.

ఇక ముఠాలో సంబరం చూడాలి. అన్ని ఊళ్ళ చేలూ పచ్చబరిచిన వాళ్ళే, కానీ వాళ్ళ పేర్లు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా లేవు. చుట్ట తాగే పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, “బాబూ, నా పేరు చివర గారు తగిలించమను. మా అల్లుడు వింటాడు,” అంది. ఒకే పేరున్న ఇద్దరు ఎవరు ముందు అన్నదానిమీద రెండు రోజులు మాట్లాడుకోలేదు. “మా కోడలు వింటే చాలు. పొద్దున్నుంచీ నేనేం చేస్తన్నానో దానికి తెలవదు,” అంది ఇంకొకావిడ. అంతమంది నన్ను నమ్మడం అదే మొదలు. చివర కూడా అదే.

రికార్డింగు రోజున అత్త చర్చికి కట్టే చీర కట్టుకుని బస్సు దిగింది. స్టూడియో గుమ్మంలో చెప్పులు విడిచింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెడితే, తాళం కోసం మేం వినిపించే టిక్కు టిక్కు విని, “ఇదెవర్రా మధ్యలో? కప్ప కూడా ఇంత మొండిగా అరవదు,” అంది. నిలబడి పాడితే గొంతు రాలేదు. కూర్చోబెట్టాం, రాలేదు. సౌండు బావ నావంక చూశాడు, నేను గుడ్ల అట్టలవంక చూశాను. చివరికి ఆవిడే చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నడుం వంచి, నేలమీద లేని నారుకట్ట అందుకుంది. మైకు స్టాండుని మోకాలి ఎత్తుకి దించాం. అంతే. గాజు తలుపు కంపించడం నేను చూశాను. ఆవిడ వెనక్కి నడుస్తూ నాటుతూ పాడుతుంటే, వైరు పట్టుకుని సౌండు బావ వంగి వంగి వెంట నడిచాడు (ఆయన పొట్టకి అది చిన్న విషయం కాదు). గోడ వీపుకి తగిలేసరికి సరిగ్గా పేర్ల చరణం వచ్చింది. ఎనిమిది పేర్లూ పిలిచింది. పిలిచి, వంగినదల్లా అలాగే వంగి ఉండిపోయింది.

“అత్తా, అయిపోయింది. లే.”

“ఎట్టా లేస్తాను? నన్ను పిలవలా.”

“ఇక్కడెవరున్నారు పిలవడానికి?”

“నువ్వు లేవా?”

మేనత్తని పేరుపెట్టి పిలవడానికి నోరు రాలేదు. గాజు తలుపు ఇవతలనుంచి, లోపలికి మాట వినిపించే మీట నొక్కి, “రా అత్తా,” అన్నాను. “అది పేరుగాదురా,” అని నవ్వుకుంటూ నడుం పట్టుకుని లేచింది. మొత్తం నాలుగు నిమిషాల పది సెకన్లు. సాయంత్రం బస్సెక్కిస్తుంటే కిటికీలోంచి మళ్ళీ అడిగింది. “పేర్లు?” “ఉంటాయన్నానుగా,” అని విసుక్కున్నాను. తప్పు చెయ్యబోయేవాడికి విసుగు ముందొస్తుందని నాకప్పుడు తెలియదు.

మర్నాడు సౌండు బావ వేళ్ళు లెక్కపెట్టాడు. “నలభై సెకన్లు ఎక్కువుంది. చివర ఆ హాజరు పట్టీ తీసెయ్యి.”

“బావా, అదే ఆవిడకి ముఖ్యం.”

“వినేవాడికి ఎవరో ఎనిమిది మంది పేర్లెందుకురా? వాళ్ళేమన్నా హీరోయిన్లా?” అని, నా భుజంమీద చెయ్యేశాడు. “ఈసారి వీడియో మొదట్లోనే నీ పేరు పెద్దక్షరాలతో వేద్దాం. ఎడిటింగ్, మిక్సింగ్ అని.”

ఇక్కడ నేను ఎదిరించాననీ, ఉద్యోగం పోతుందని భయపడి లొంగిపోయాననీ రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేం జరగలేదు. నా పేరు ఏ రంగులో బాగుంటుందా అని ఆలోచించాను. పసుపు అనుకున్నాను. ఎనిమిది మంది ఆడవాళ్ళనీ మౌసుతో ఒక గీత గీసి, ఒక్క నొక్కుతో తీసేశాను. దగ్గు తియ్యడానికి ఇంకా ఎక్కువసేపు పట్టేది. ఆ ఊపులోనే అత్త గొంతులో గరుకు కూడా నున్నగా చేసేశాను. చివరికి ఆవిడ గొంతు సబ్బుతో తోమిన గిన్నెలా మెరిసింది. గిన్నెలో కూర లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

పాట విడుదలైన రోజు నేనే సెల్లూ స్పీకరూ తీసుకుని చేలోకి వెళ్ళాను. అంత ధైర్యం ఎలా వచ్చిందంటే, పేర్లు లేని సంగతి వాళ్ళు పట్టించుకోరని నా అంచనా (బీటెక్‌లో కూడా నా అంచనాలు ఇలాగే ఉండేవి). మధ్యాహ్నం అన్నాల వేళ. గట్టుమీద క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. పాట మొదలవగానే సగం తిన్న చేతులు కడుక్కున్నారు. చుట్ట పెద్దావిడ చుట్ట పారేసి, కొంగు సర్దుకుంది, ఫోటో తీస్తున్నట్టు. ఒకావిడ కోడలికి ఫోను చేసి, లైను వదలకుండా సెల్లు స్పీకరు పక్కన పెట్టింది. చివరి వరస దాకా వచ్చింది పాట. ‘నీ కుదురు నిలిచింది, గట్టెక్కి రావే’ అంది అత్త గొంతు. ఆగిపోయింది.

అందరూ స్పీకరు దగ్గరికి జరిగారు.

“అయిపోయిందా?” అంది ఒకావిడ.

“నెట్ ఆగిందేమోనే. ఇక్కడ సిగ్నలు సరిగా ఉండదు,” అంది చుట్ట పెద్దావిడ.

“అవునవును. మొన్న మా మనవడి వీడియో కూడా ఇట్టాగే ఆగింది.”

“ఉండండే, బాబు మళ్ళీ పెడతాడు.”

నామీద అరిచి ఉంటే బాగుండేది. వాళ్ళు నా తరఫున సాకులు వెతుకుతున్నారు. ఫోనులో కోడలు “ఏదత్తా, నీ పేరు రాలేదే” అంటుంటే ఆవిడ గబగబా కట్ చేసింది. అత్త మాత్రం నన్నే చూస్తోంది. తర్వాత ముఠాలో చదువొచ్చిన పిల్లని అడిగింది. “మొదట్లో బాబు సెల్లులో పసుపుపచ్చగా ఏదో పేరు పడింది. ఎవరిదే అది?”

ఆ పిల్ల ఇబ్బందిగా నావైపు చూసి, “మన బాబుదే పిన్నీ,” అంది.

అత్త తలూపింది. క్యారేజీ మూత పెట్టింది. “లెగండే. నారు వాడిపోద్ది,” అని చేలోకి దిగింది. ఆ వెనకే ఎనిమిది మందీ దిగారు. ఆ మధ్యాహ్నం పాట లేకుండా నాటారు.

మా రేడియో అత్త గాన జీవితం రికార్డులో ఉన్నంతవరకూ అదే. మొదలు నుంచి చివరిదాకా మూడున్నర నిమిషాలు. ‘వాయిస్ సూపర్, ఎవరండీ పాడింది’ అని కింద అడిగినవాళ్ళందరికీ సౌండు బావ ఒక ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు. ఇంకో రెండు పాటలకి కబురు పెడితే అత్త రానంది. “నోట్లో ఉన్నప్పుడు పాట నిండుగా ఉంది, ఆ గదిలోకొచ్చాక తోక తెగింది. ఇంకెందుకులే,” అందట. కోసిన ముక్క మళ్ళీ అతికిద్దామని నేను వెతికితే, ఆ డిస్కు పెళ్ళి వీడియోల కోసం ఎప్పుడో చెరిపేశారు. చెరిపింది ఎవరో కూడా చెప్పాలంటే, నేనే.

ఇప్పుడు నేను కృత్తివెన్ను వైపు చెరువుల రైతులకి రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఉన్నాను. అక్కడ పేర్లు కొయ్యాల్సిన పని లేదు, రొయ్యలకి పేర్లుండవు. మొన్న నాట్లప్పుడు బంటుమిల్లి మీదుగా వస్తుంటే రోడ్డు మీదికి పాట వినిపించింది. బండి ఆపాను. చుట్టుపక్కల చేలు చాలావరకు చెరువులైపోయాయి, మధ్యలో ఆ చేను ఒక్కటే పచ్చగా అతుకులా ఉంది. ముఠాలో ఐదుగురే మిగిలారు. గట్టుమీద నిలబడగానే నా చెయ్యి దానంతటది జేబులోకి పోయింది.

“జేబులోంచి చెయ్యి తియ్యి,” అంది అత్త, తలెత్తకుండానే. “ఖాళీగా నిలబడకపోతే దిగరాదా.”

ప్యాంటు మడిచి దిగాను. కంపెనీ చొక్కాతో నారుకట్ట పట్టుకుంటే ముఠా అంతా నవ్వారు. నా వరస చూసి చుట్ట పెద్దావిడ, “బాబూ, ఇది నాటడమా, పారేసుకోవడమా,” అంది. నవ్వులో పాత కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. చివరి వరస వచ్చింది. అత్త పేర్లు ఎత్తుకుంది. ముఠాలో లేనివాళ్ళ పేర్లు కూడా పిలిచింది, పిలిచి కాస్త ఆగింది, వాళ్ళు గట్టెక్కేంతసేపు. ఉన్నవాళ్ళంతా ఎక్కారు. ఎక్కి, అత్తని పిలిచారు. అత్త కూడా ఎక్కింది.

నన్నెవరూ పిలవలేదు.

కాలవలో కాళ్ళు కడుక్కున్నారు. క్యారేజీలు సర్దుకున్నారు. “అత్తా,” అన్నాను. ఆవిడ అప్పటికే నాలుగడుగులు నడిచింది. వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

“మూడున్నర నిమిషాలుండి ఎక్కరా అల్లుడూ.”

చూసేవాళ్ళు లేరు, ఎక్కెయ్యొచ్చు. ఎక్కలేదు. పిక్కల దాకా బురదలో నిలబడి, ఊసుపోక, అప్పుడు కోసేసిన చరణం అందుకున్నాను. నా గొంతు సంగతి అడక్కండి, కొంగ ఒకటి లేచి పోయింది. రూతమ్మ. నాంచారమ్మగారు. సువార్తమ్మ. పెద్ద మరియమ్మ. చిన్న మరియమ్మ. ఏస్తేరమ్మ. వెంకాయమ్మ. దీవెనమ్మ. నిజంగానే నలభై సెకన్లు పట్టింది. అంత చిన్న సంగతికి పసుపు రంగు ఎంచుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇంకా బోలెడు టైముంది. అటూ ఇటూ చూసి, అప్పుడు నోరు రాని పేరు కూడా పిలిచాను.

కరుణమ్మ.