మ్యాథ్స్‌లో చెప్పేసుంటారు

కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసే పోలయ్య కూతురు రాజకుమారికి ఫిజిక్సంటే ప్రాణం. హౌరాలో ఒక కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్ సీటు వచ్చిన రోజు పోలయ్య క్వార్టర్స్‌లో ఇంటింటికీ రసగుల్లాలు పంచాడు.

చేరిన కొత్తలోనే ఫిజిక్స్ మాస్టారు బోర్డు నిండా సర్‌ఫేస్ ఇంటెగ్రల్స్ రాసుకుంటూ పోయారు. ప్లస్ టూలో నేర్చిన కాలిక్యులస్‌కి అవి అందలేదు. రాజకుమారి లేచి అడిగింది.

"మ్యాథ్స్‌లో చెప్పేసుంటారు, అక్కడ అడుగు" అన్నారాయన.

మ్యాథ్స్ మేడమ్‌ని అడిగితే, "అది రెండో ఏడాది పాఠం కదా, ఇప్పుడు నీకెందుకు?" అంది. ఇద్దరూ మంచివాళ్లే. ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాతో ఇద్దరూ కూర్చుని అనుకోలేదు, అంతే.

ఆ ఏడాది ఫిజిక్స్ పేపరు తప్పింది. మళ్లీ రాసింది, మళ్లీ తప్పింది.

"ఏటమ్మా, కంచం ముందెట్టుకుని అలాగ కూకున్నావు?" అన్నాడు పోలయ్య.

"నాకు బుర్ర సాలదేమో నాన్నా."

"ఎవలన్నారు?"

ఎవరూ అనలేదు. తనే అనుకుంది. ఆనర్స్ వదిలేసి మామూలు డిగ్రీతో బయటపడి, చిన్న పిల్లల బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది.

కొన్నేళ్ల తర్వాత ఒక వేసవి సెలవుల్లో కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లో ఆ ఇంటెగ్రల్స్ మీద పాత పుస్తకం ఒకటి కొని, మొదటి పేజీ నుంచి పట్టుబట్టి చదివింది. సర్‌ఫేస్ ఇంటెగ్రల్ అంటే ఉపరితలాన్ని చిన్న ముక్కలుగా అనుకోవడం, ఒక్కో ముక్కలోంచి ఎంత ప్రవాహం పోతోందో కూడడం. ఇంతేనా! ఆ మధ్యాహ్నం ఆమెకి ఏడుపొచ్చింది.

కాలేజీ తెరిచాక ఒకరోజు బడికి సెలవు పెట్టి, పిల్లల గుంపుతో పాటు పాత క్లాసులోకి వెళ్లి చివర కూర్చుంది. అదే మాస్టారు, అవే ఇంటెగ్రల్స్. ఆయన ప్రశ్న వేస్తే పిల్లలు నోట్సులు తిరగేశారు. ఆమె చెప్పింది.

"బాగా చెప్పావు. నీ రోల్ నంబరెంత?"

"ఇప్పుడు లేదు సర్."

క్లాసయ్యాక జరిగిందంతా చెప్పింది. ఆయన చేతికంటిన సుద్ద తుడుచుకున్నారు. "మేడమ్‌తో మాట్లాడతాను. వీళ్లకైనా వరస మార్చాలి. నువ్వు మళ్లీ చేరకూడదూ?"

"ఆనర్స్‌కి యూనివర్సిటీ పెట్టిన గడువు దాటిపోయింది సర్."

ఆయన వెళ్లిపోయారు. తర్వాతి క్లాసు పిల్లలు వచ్చి బెంచీలు నింపుతున్నా రాజకుమారికి లేవబుద్ధి కాలేదు.