సంచి పట్టుకున్నామెకే గుండెపోటు

"ఆటో ఎక్కు అక్కా, నీకు దండం పెడతా."

"ఆటో ఎందుకుమే? గ్యాసుకు ఎవురన్నా ఆటో కట్టుకొని పోతారా? ఇంత జీలకర్ర నమిలితే అదే తగ్గిపోతాది."

"నమిలింది సాల్లే. ఆ చెమట సూడు, జాకెట్టు పిండితే నీళ్ళు కారతాయి."

"ఎండాకాలం చెమట కాక మంచు కురుస్తాదా? ముక్కలకు ఉప్పన్నా పట్టించనీ. ఇన్ని కాయలు పాడైతే నువ్విస్తావా?"

"నువ్వు పాడైతే ఎవురిస్తారు అక్కా?"

ఆ మాటకు దీటైన జవాబే ఇచ్చేదాన్ని. దవడ పట్టేసి నోరు తెరవలేకపోయాను.

చిత్తూరులో మా ఇంటి గుమ్మం ముందర, వీధి వీధంతా చూస్తుండగా జరిగిన తగవు ఇది. నన్ను ఆటోలోకి తోస్తున్నది పక్కింటి ఆమె. వాళ్ళది బట్టలు కుట్టే ఇల్లు. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. పేర్లు పెట్టి పిలుచుకోము. నాకు ఆమె బీబీ, ఆమెకు నేను అక్క. మామిడికాయల కాలం వస్తే ఇద్దరం కలిసే ఊరగాయ పెడతాము. ఆ రోజు కత్తిపీట ముందు నేను, జాడీలు తుడుస్తూ ఆమె. కాయ కొడుతుండగా ఎడమ రెక్క వెనక నొప్పి లేచి, మెడ మీదుగా దవడకు ఎక్కింది. కడుపులో తిప్పింది. టెంక ముదిరిన కాయలు కదా, కొట్టి కొట్టి చెయ్యి నొచ్చిందనుకున్నాను.

బీబీ అట్లా అనుకోలేదు. వాళ్ళ అక్కకు ఒకప్పుడు ఇట్లాగే దవడ లాగితే, ఏదో ఆస్పత్రిలో "మీరు బిరియానీలు తింటారు కదమ్మా, గ్యాసు" అని నవ్వి, మాత్ర చేతిలో పెట్టి పంపించారట. ఆమె ఆ పూట తాగింది గంజి. మరుసటి పొద్దు ఆమె చూడలేదు. అప్పటినుంచి గ్యాసు అనే మాట వింటే బీబీకి ఒళ్ళు మండుతుంది. ఇంట్లో వేసుకునే నైటీ మీదనే బురఖా తగిలించుకొని, నన్ను ఆటోలో కుక్కింది.

మా ఆయన కూడా ఎక్కాడు. ఇక్కడ మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా ఆయనకు తేన్పు వస్తే గుండె పట్టుకుంటాడు. ఆయన పట్టుకుంటే ఇల్లంతా కదులుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆయన ముందు నడుస్తాడు. ఆయన మాత్రలు, నీళ్ళ సీసా, తువ్వాలు ఉన్న గుడ్డసంచి భుజాన వేసుకొని నేను వెనక నడుస్తాను. ఆస్పత్రిలో మమ్మల్ని అట్లాగే ఎరుగుదురు. ఆ రోజు కూడా అలవాటు కొద్దీ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అలవాటు కొద్దీ నేను సంచి తగిలించుకున్నాను. చెమటలు కారుతూ, గోడ పట్టుకొని, ఆయన వెనకాలే లోపలికి పోయాను.

"రాండి పెద్దాయనా, మళ్ళా నొప్పా?" అని చిన్న వయసు డాక్టరు వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు..." అన్నాడు మా ఆయన. "నాకు కాదప్పా" అనబోయినాడని తర్వాత చెప్పుకున్నాడు. అంతలో చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీ కనబడితే ఆయన కాళ్ళల్లో బలం ఉండదు. కూర్చున్నాడు.

చూస్తుండగానే ఆయన మంచం ఎక్కాడు, చొక్కా ఊడింది. తెల్ల వెంట్రుకల రొమ్ము మీద జెల్లు, దాని మీద ఈసీజీ మిషను రబ్బరు బుడ్డీలు. ఆయనకు చక్కిలిగింతలు ఎక్కువ. "అబ్బా, సల్లగా ఉండాది!" అని పెళ్ళికొడుకు మాదిరి మెలికలు తిరిగాడు.

బీబీ అరిచింది. "ఏం సార్, నొప్పి ఆయప్పకు కాదు, ఈమెకు!"

డాక్టరు అప్పుడు నన్ను చూశాడు. "ఏమ్మా, గుండెల్లో నొప్పా?"

"గుండెల్లో ఏమీ లేదు నాయనా. దవడ, రెక్క. కడుపులో తిప్పతా ఉండాది."

"పెద్దాయన్ను చూసి కంగారు పడినట్టుండావు. గ్యాసు మాత్ర ఇస్తా, ఆ బెంచీ మీద కూర్చో."

"ఆ మాట నా ముందర అనద్దు సార్!" అంది బీబీ.

"నువ్వేమన్నా డాక్టరామ్మా?"

"కాదు సార్. ఆ మాత్ర మింగి సచ్చిపోయినామె చెల్లెల్ని."

డాక్టరు మిషను తట్టు తిరిగాడు. మిషనులోంచి మా ఆయన కాగితం వచ్చింది. "నీ గుండెకు ఏమీ లేదు పెద్దాయనా, ఎద్దు మాదిరి ఉండావు" అన్నాడు. నర్సమ్మ బుడ్డీలు పీకి, దూదితో జెల్లు తుడవబోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

"తుడవద్దమ్మా! మిషను బయటే ఉండాది, జెల్లు అట్లనే ఉండాది. ఊరికే పారేస్తారా? తీసి నాకు పూయండి."

"అవ్వా, ఒకరికి పూసింది ఇంకొకరికి పూయకూడదు."

"నా మొగుడిదే కదమ్మా, పరాయోళ్ళదా?"

నర్సమ్మ నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే, "ఈ అవ్వకూ ఒకటి తీసేయండి సిస్టర్, లేకుంటే వదిలేటట్టు లేదు" అన్నాడు. కొత్త జెల్లే పిండారు. అది వేరే బాధ.

ఆడమనిషికి తెర కావాలి. తెర ఉతకడానికి పోయిందట, వచ్చేదాకా ఆగమన్నారు. బీబీ ఆగలేదు. బురఖా తీసి బారుగా పట్టింది. లోపల రోజాపూల నైటీ, దాని నిండా కారప్పొడి. ఒక కొన తను పట్టుకొని రెండో కొన మా ఆయన చేతికిచ్చి, "గోడ తట్టు తిరుగు బావా" అంది. చొక్కా లేకుండా, రొమ్ము మీద జెల్లు మెరుస్తుంటే, ఆయన గోడకు మొహం పెట్టి బురఖా పట్టుకొని నిలబడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. "కదలద్దవ్వా, గీతలు చెడిపోతాయి" అంటుంది నర్సమ్మ. ఆపుకునే కొద్దీ పొంగుతుంది. దవడ నొప్పితో నవ్వడం ఎంత కష్టమో నవ్విన వాళ్ళకే తెలుస్తుంది.

కాగితం వచ్చింది. డాక్టరు నవ్వు అక్కడే నిలిచిపోయింది. మళ్ళీ చూశాడు. నమలమని మాత్రలు ఇచ్చారు, సూది వేశారు, తిరుపతికి అంబులెన్సు పిలిచారు. అప్పుడు డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గుండెపోటే అమ్మా ఇది. ఆడోళ్ళకు ఇట్లా కూడా వస్తాదని చదివినాం. ఎదురుగా వస్తే గ్యాసనేసినా."

"సావాల్సినంతదా నాయనా?"

"బెంచీ మీద కూర్చోనుంటే ఏమయ్యేదో చెప్పలేను. ఇప్పుడు బిరీన పోతే బతుకుతావు."

బిరీననే పోయాము. తిరుపతికి అంత వేగంగా నేనెప్పుడూ పోలేదు. మామిడికాయల లారీలు కూడా నాకోసం పక్కకు ఒదిగాయి. భయపడాల్సింది పోయి, మహారాణి మాదిరి పడుకొని కూత వింటూ పోయాను.

"ముక్కలకు ఉప్పుమే?" అన్నాను.

"మా కోడలు పట్టిస్తాదిలే. నోరు మూసుకో అక్కా" అంది బీబీ, ఏడుస్తూ, నవ్వుతూ. తిరుపతిలో మణికట్టు గుండా తీగ పంపి, మూసుకున్న నరంలో స్ప్రింగు పెట్టారు.

మరునాడు పొద్దున పెద్ద డాక్టరు వార్డుకు వచ్చాడు. మంచం పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగిపోయింది. గుడ్డసంచి ఆయన భుజానికి ఉంది, అందులో నా మాత్రలు, నా నీళ్ళ సీసా. "పేషెంటు ఎవరు?" అన్నాడు డాక్టరు. "నేను కాదప్పా, ఆమె" అని మా ఆయన నన్ను చూపించాడు. డాక్టరు నా చెయ్యి పట్టుకొని నాడి చూశాడు. బీబీ ఇడ్లీలు తెచ్చింది. నేను తిన్నన్ని తిన్నాను, మిగిలినవి మా ఆయన తిన్నాడు.